హ్యామన్‌టన్‌లో జెండా ఎత్తిన రోజు

న్యూజెర్సీలో నేనుండే ప్లెయిన్స్‌బరో నుంచి హ్యామన్‌టన్‌కి కార్‌లో అయితే గంటంబావు. నేను వెళ్లింది ట్రైన్‌లో, మూడు గంటల పైనే పట్టింది. హైవే మీద డ్రైవ్ చేయాలంటే నాకు భయం, చెప్పుకోడానికి సిగ్గేం లేదు. మొన్న మార్చి దాకా ప్రసూన డ్రైవ్ చేసేది. మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే కరీంనగర్ అమ్మాయి. నాలుగేళ్లపాటు మా క్లబ్ ఎక్కడ ఆడితే అక్కడికి ఇద్దరం వెళ్లేవాళ్లం. లేఆఫ్ అయింది, వీసాకి ఇచ్చే గ్రేస్ పీరియడ్ అయిపోయేలోపు డాలస్‌లో జాబ్ వెతుక్కుని వెళ్లిపోయింది. ఇప్పుడు బయటి ఊళ్లకి వెళ్లే మా అభిమానుల సంఘం అంటే నేనొక్కదాన్నే.

క్లబ్ పేరు చెప్పినా మీరు వినుండరు. ఎలక్ట్రీషియన్లు, వంటవాళ్లు, ఇద్దరు స్కూల్ టీచర్లు కలిసి ఆదివారాలు ఆడే ఫుట్‌బాల్. ఇక్కడివాళ్లు సాకర్ అంటారు. అమెరికాలో పెద్ద లీగుల్లో ఆఖర్న నిలిచినా వచ్చే ఏడు దర్జాగా అక్కడే ఆడతారు. మా బుల్లి లీగ్‌లో అలా కాదు, గెలిస్తే పై డివిజన్, ఓడితే కింద. అందుకే నాకిష్టం. ఈ ఆఖరి మ్యాచ్ గెలిస్తే మేం పైకి వెళ్తాం, డ్రా చేసుకుంటే చాలదు. కెప్టెన్ హెక్టర్‌కి నలభై ఒకటి. మోకాళ్లు అరిగిపోయాయి. ఒక్క సీజన్ పై డివిజన్‌లో ఆడి మానేస్తానని మూడేళ్లుగా అంటున్నాడు. ఈసారీ కాకపోతే ఇక చాలు, బూట్లు ఎవరికైనా ఇచ్చేస్తాను అని పోయిన వారం అన్నాడు.

ఆదివారం పొద్దున ఆరున్నరకి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి రెండు డబ్బాల్లో సర్దాను. రెండో డబ్బా మూత పెట్టాక గానీ గుర్తు రాలేదు, ప్రసూన లేదని. తీసి ఫ్రిజ్‌లో పెట్టబుద్ధి కాలేదు, అదీ బ్యాగ్‌లో పడేశాను. ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్‌కి నలభై నిమిషాలు నడిచి ఎనిమిదింబావు ట్రైన్ ఎక్కాను. ట్రెంటన్‌లో దిగి రోడ్డు దాటితే లైట్ రైల్ ఉంటుంది. వెళ్లేవాళ్లకి ఒక మాట. మెషీన్‌లో టికెట్ కొనుక్కుంటే సరిపోదు, పక్కనున్న చిన్న పెట్టెలో దాన్ని ముద్ర కొట్టించుకోవాలి. ప్రసూన, నేను మొదటిసారి ఆ సంగతి తెలియక ఫైన్ కట్టాం. ఫైన్ కట్టి కూడా దారంతా నవ్వుకున్నాం.

ఆ లైట్ రైల్ డెలవేర్ నది పక్కనే ఒక గంట వెళ్తుంది. చిన్న చిన్న ఊళ్లు, ఇళ్ల వెనక వరండాలు, పడవలు. నా ఎదుట సీట్‌లో ఎవరూ లేరు. పెన్‌సాకెన్‌లో మెట్లెక్కి అట్లాంటిక్ సిటీ ట్రైన్ పట్టుకోవాలి. అది మిస్సయితే రెండు గంటలు అక్కడే కూర్చోవాలి, కాఫీ కూడా దొరకదు.

ఆ ట్రైన్‌లో పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు, ప్రతి ఆదివారం కసినోకి వెళ్తాడట. నా మెడలో మా క్లబ్ స్కార్ఫ్ చూశాడు. దాని మీద ఇంగ్లిష్‌లో "మేం ఉన్నాం" అని రాసి ఉంటుంది.

"ఎవరు ఉన్నారు?"

"సెంట్రల్ జెర్సీ వాళ్లం."

"అలాంటిదేం లేదమ్మా. నార్త్ జెర్సీ ఉంది, సౌత్ జెర్సీ ఉంది. మధ్యలో హైవే ఉంది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు లెండి.

నాకు ఇది కొత్తేం కాదు. మాది అనంతపురం. హైదరాబాద్ వాళ్లకి నేను ఆంధ్ర, విజయవాడ వాళ్లకి సీమ, మిగతావాళ్లకి "బెంగళూరు పక్కనే గదా, కన్నడమొచ్చా?" ఇక్కడికొచ్చాక నార్త్ జెర్సీ వాళ్లు మమ్మల్ని సౌత్ అంటారు, సౌత్ జెర్సీ వాళ్లు నార్త్ అంటారు. లేని చోట ఉండడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. అందుకే కాబోలు ఆ స్కార్ఫ్ చూడగానే కొనేశాను.

పదకొండున్నరకి హ్యామన్‌టన్‌లో దిగాను. ఇది బ్లూబెర్రీల ఊరు, జూన్‌లో రోడ్డు పక్కన బల్లల మీద డబ్బాలు పెట్టి అమ్ముతుంటారు. గ్రౌండ్‌కి ఇరవై నిమిషాల నడక. అవతలి ఊరివాళ్లు ఓ నలభై మంది మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మావాళ్లు వ్యాన్‌లో వచ్చారు, సరిగ్గా పదకొండు మంది. హెక్టర్ నన్ను చూసి నేరుగా వచ్చాడు.

"నువ్వొచ్చావు, బతికించావు. జెండా పట్టుకుంటావా?"

ఈ లీగ్‌లో రిఫరీ ఒక్కడే. పక్క గీతల దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డానికి ఒక్కో క్లబ్ ఒక మనిషిని ఇవ్వాలి. మామూలుగా సబ్‌స్టిట్యూట్ ఎవరో నిలబడతారు, ఆ రోజు సబ్‌స్టిట్యూట్లే లేరు. అవతలి క్లబ్ వాళ్లు ఒక పసుపు జెండా నా చేతికిచ్చారు. రిఫరీ వచ్చి, "బంతి పూర్తిగా గీత దాటితేనే ఎత్తు. గీత మీదుంటే వద్దు. మిగతావన్నీ నా తలనొప్పి," అని చెప్పి వెళ్లాడు.

జెండా పట్టుకున్నవాళ్లు అరవకూడదు. మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చి, నోరు మూసుకుని గీత వెంబడి అటూ ఇటూ పరిగెత్తాను. ఫస్టాఫ్‌లో వాళ్లొకటి కొట్టారు, సెకండాఫ్‌లో మావాళ్లొకటి. ఇంకో మూడు నిమిషాలుందనగా అంచున ఆడే మా కుర్ర వింగర్ బంతి తీసుకుని నా ముందు నుంచే దూసుకొచ్చాడు. బంతి కాస్త ముందుకు జారి గీత దాటింది. మడమతో లోపలికి లాక్కుని గోల్ ముందుకి తన్నాడు. అక్కడ హెక్టర్ ఎగిరాడు. ఆ మోకాళ్లతో ఎలా ఎగిరాడో తెలియదు, తలతో కొట్టి నెట్‌లో వేశాడు.

అప్పటికే నా చెయ్యి పైన ఉంది. నేను మందుల కంపెనీలో క్వాలిటీలో పనిచేస్తాను. తేడా కనిపిస్తే రాసెయ్యడమే పన్నెండేళ్లుగా నా ఉద్యోగం. చెయ్యి నన్నడగలేదు.

రిఫరీ దూరంగా ఉన్నాడు, బంతి దాటడం చూడలేదు. నా జెండా చూసి విజిల్ వేసి నా దగ్గరికొచ్చాడు.

"పూర్తిగా దాటిందా?"

గీత మీదే ఉంది, పొరపాటున ఎత్తాను అంటే అయిపోయేది. హెక్టర్ మోకాళ్ల మీద కూర్చుని నా వైపే చూస్తున్నాడు.

"దాటింది. పూర్తిగా," అన్నాను.

గోల్ చెల్లదన్నాడు. మ్యాచ్ 1-1తో అయిపోయింది. మడత కుర్చీలో కూర్చున్న అవతలి ఊరి పెద్దావిడ "మంచి పని చేశావు తల్లీ" అని ఓ బ్లూబెర్రీ డబ్బా చేతిలో పెట్టింది. అంతకంటే తిట్టినా బాగుండేది. మావాళ్లు బూట్లు విప్పుకుంటూ నేల చూపులు చూశారు. హెక్టర్ మాత్రం వచ్చాడు.

"నిజంగా దాటిందా?"

"దాటింది, హెక్టర్."

తలూపి వెళ్లిపోయాడు. వ్యాన్ కదిలిపోయింది. నన్ను ఎక్కించుకోలేదని తప్పు పట్టను, అడిగినా ఎక్కేదాన్ని కాదు. కానీ అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

మూడుంబావుకి తిరుగు ట్రైన్. ప్రసూనకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"నీకేం పుట్టిందే? నువ్వు జెండా లేపకుంటె ఎవ్వలకు తెలుస్తుండె?" అంది. మళ్లీ తనే, "నేనుంటె నీ చెయ్యి గుంజి పట్టుకుంటుంటి," అంది.

నిజమే, పట్టుకునేదే. అప్పుడు ఏడుపొచ్చింది. గోల్ కోసం కాదు, ఆ చెయ్యి పక్కన లేనందుకు.

టిష్యూ కోసం బ్యాగ్‌లో చెయ్యి పెడితే జెండా కర్ర తగిలింది. ఇవ్వడం మర్చిపోయి అవతలివాళ్ల జెండా తెచ్చేశాను. మా క్లబ్ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను, "జెండా నా దగ్గరే ఉండిపోయింది, సారీ. ఎలా పంపాలి?" అందరూ చూశారు, ఒక్కరూ బదులివ్వలేదు. పెన్‌సాకెన్‌లో మారాను. పొద్దున చూసిన వరండాలే ఒక్కొక్కటీ వెనక్కిపోయాయి. ఒక డబ్బా ఉగ్గాని తిని, రెండోదీ తిన్నాను.

ఇలాంటి మ్యాచ్ చూడ్డానికి వెళ్లాలనుకునేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే. దారి కష్టం కాదు, ఊరు బాగుంటుంది, బ్లూబెర్రీలు ఇంకా బాగుంటాయి. ఒక్కరే మాత్రం వెళ్లకండి.

ట్రెంటన్‌లో దిగుతుండగా ఫోన్ మోగింది. గ్రూప్‌లో కాదు, విడిగా హెక్టర్ పెట్టిన మెసేజ్.

"పంపక్కర్లేదు. పైకి వెళ్లలేదుగా, వచ్చే ఏడూ అక్కడికే వెళ్లాలి. వ్యాన్‌లో నీకు సీటు ఉంచుతా, నువ్వే ఇచ్చేద్దువు. బూట్లు ఎవరికీ ఇవ్వలేదు."