అతుకు పడేదాకా

అరిగిన నా మోకాలి మీద భారం తగ్గించడానికి కింది ఎముకను కోసి, వంకర సరిచేసి, ప్లేటు బిగించి నాలుగు నెలలైంది. తిరుపతిలో తీసిన ఎక్స్‌రేలో కోత ఇంకా పూడలేదు. నెలలోపు అతకకపోతే మళ్లీ ఆపరేషనేనని డాక్టరు అన్నారు. నీరసంగా చిత్తూరు బస్సెక్కాను.

పక్క సీటులో ఉన్న పెద్దాయన మామిడి అంట్లు కట్టే మనిషి. నా కర్రను చూసి సంగతి అడిగాడు. రోజూ పొద్దున కర్ర వదిలి ఆ కాలి మీదే నిలబడి, ఎంతసేపు ఓర్చుకున్నానో డైరీలో రాస్తున్నానని కూడా చెప్పాను.

ఆయన నవ్వాడు. "బడి అయ్యోరు మాదిరి ఉండారే! దినామూ పరీక్ష పెడితే అదెప్పుడు అతుక్కునేది సామీ? మావోడొకడు అంటు పట్టిందా లేదా అని కట్టు ఇప్పి ఇప్పి సూసి, తోపుకు తోపే సంపినాడు."

"మరి పట్టిందని మీకెట్లా తెలుస్తుంది?"

"సిగురేస్తాది. అందాకా దాని జోలికి పోము."

పూతలపట్టులో ఆయన దిగిపోయాడు. మర్నాటి నుంచి నేను ఆ పరీక్ష మానేశాను. నెలకు తీసిన ఎక్స్‌రేలో ఎముక అతికి కనిపించింది. దాని గడువుకే అతికిందో, ఆయన మాట విన్నందుకో చెప్పలేను. ఆపరేషన్ అయ్యాక నాకు కంటినిండా నిద్రపట్టింది మాత్రం ఆ నెలలోనే.