నేను తుడిచేసిన పొర

తొంభైల చివర్లో భవానీపూర్‌లోని ఒక ల్యాబ్‌లో పరిశోధన చేసేదాన్ని. ఆడ ఎలుక గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాన్ని సన్నటి ఉంగరాల్లా కోసి, ఒక్కో ఉంగరాన్ని గోరువెచ్చని ఉప్పునీటిలో రెండు కొక్కేల మధ్య తగిలించడం నా పని. ఒక మందు వేస్తే ఉంగరం బిగుసుకుంటుంది, కొక్కేనికి కలిపిన యంత్రం పెన్ను కాగితం మీద పైకి పాకుతుంది. అప్పుడు ఆడవాళ్ల హార్మోను ఈస్ట్రోజెన్ ఒక్క చుక్క వేస్తే ఉంగరం సడలి పెన్ను కిందికి దిగాలి. ల్యాబ్‌లో అందరికీ దిగేది, నాకు తప్ప.

అటు ఇంట్లో ఒక గడువు నడుస్తోంది. అమ్మ మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చేది. ఆరోగ్యం బాగాలేక ఒకరు మానేస్తే ఆ పని ఇంట్లో మరొకరికి ఇప్పించుకోవడం శ్రీకాకుళం నుంచి బెంగాల్‌కు వలస వచ్చిన మా వాళ్లలో అలవాటు. నెలసరి ఆగిన దగ్గర్నుంచి అమ్మకు ఒళ్లంతా ఆవిర్లు, పైగా బీపీ. నెలాఖరులోగా నేను ఉద్యోగ మార్పిడి కాగితం మీద సంతకం పెడితే ఆమె పని నాకొస్తుంది. పెన్ను దిగకపోతే పెట్టేస్తానని మాటిచ్చాను.

మా ఇంట్లో శుభ్రం ఒక జబ్బు. చెత్త ఎత్తేవాళ్ల ఇల్లు ఎలా ఏడుస్తుందో చూద్దామని వచ్చేవాళ్లకు నేలలో ముఖం కనబడాలన్నది అమ్మ పంతం. అది నా చేతులకీ అబ్బింది. ఉంగరం లోపల చిన్న నెత్తుటి మరక కనబడినా ఊరుకోలేక, దూదిని సన్నగా పేని లోపలంతా తుడిచేదాన్ని.

మూడు వారాలకు మా గైడు, మేమంతా దీదీ అని పిలిచే బెంగాలీ ఆవిడ, నా పక్కన స్టూలేసుకుని కూర్చుంది.

"ఆ దూది ఎందుకు?" అంది.

"శుభ్రం చేస్తున్నాను దీదీ."

"ఎన్నాళ్లనుంచి?"

"మొదట్నుంచీ."

నవ్వాలో తిట్టాలో తెలియక ఆవిడ తల పట్టుకుంది. "నువ్వు తుడిచేస్తున్నది మురికి కాదు. నాళం లోపల ఒక్క కణం మందాన పొర ఉంటుంది. ఈస్ట్రోజెన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఆ కణాల్లో ఉంటాయి. పట్టుకోగానే ఆ పొర ఒక వాయువును వదులుతుంది, దాంతో పక్కనున్న కండరం సడలుతుంది. పొరే లేకపోతే ఇంకేం సడలుతుంది?"

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

మర్నాడే నెలాఖరు. మధ్యాహ్నం డ్యూటీ దిగిన అమ్మ కాగితం పట్టుకుని ల్యాబ్‌కే వచ్చేసింది. గుమ్మంలో నిలబడిపోతే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. ఆ రోజు దూది ముట్టలేదు. మరక కనబడుతూనే ఉంది, చేతులు దురద పెడుతూనే ఉన్నాయి. పళ్లు బిగబట్టి చుక్క వేశాను.

పెన్ను కాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా, ఎవరూ తొయ్యకుండానే, దిగడం మొదలుపెట్టింది. పక్క ఉంగరంలో గ్రాహకాలను ముందే మరో మందుతో అడ్డుకుని ఉంచాను, అదే చుక్క వేసినా ఆ పెన్ను దాదాపు ఉన్నచోటే ఉండిపోయింది. కంటికి ఆనని పొర, చిటికెడు హార్మోను, వాటి మధ్య ఇంత పొందికా! పుస్తకాల్లో చదివిందే. అయినా కళ్లముందు జరుగుతుంటే దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

"ఏటే అది?" అంది అమ్మ.

చెప్పాను. ఇలాంటి పొర నీ రక్తనాళాల్లోనూ ఉంది, ఇన్నేళ్లూ ఆ హార్మోను వాటిని సడలిస్తూ వచ్చింది, ఇప్పుడది తగ్గిపోయింది, నీ బీపీకి అదీ ఓ కారణం కావచ్చు అని.

అమ్మ తన ముంజేతి నరాలకేసి చాలాసేపు చూసుకుంది. "అయితే ఇన్నాలూ నాలో ఎవులో సప్పుడు సెయ్యకుండా పని సేసెలిపోనారన్నమాట. నాను సూడనైనా సూడనేదు."

ఆ మాటతో పెన్ను దిగిందన్న సంతోషం కాస్తా ఎటో పోయింది. "కాగితం ఇలా తే అమ్మా, సంతకం పెడతాను. నీకు రెస్టు కావాలి" అన్నాను.

అమ్మ కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. "ఇంకోపాలి దించు, సూత్తాను" అంది.

బీపీ బిళ్లలు మింగుతూ మరో తొమ్మిదేళ్లు ఆమె రోడ్లు ఊడ్చింది.