అప్పగింతలయ్యాకే ఎలుగుబంటి

మా చిన్నప్పుడు... ఎలుగుబంటిని చూడాలంటే ముందు మా మేనత్త పెళ్ళి చూడాలి. మొత్తం పెళ్ళి... ఎదురుకోలు నుంచి అప్పగింతల దాకా!

నవ్వకండి, నిజమే చెబుతున్నాను. తణుకు దగ్గర మా ఊళ్ళో అత్త పెళ్ళికి వీడియో తీయించారు. పెళ్ళి అయిపోయినా క్యాసెట్టులో ఇంకా టేపు మిగిలింది. "ఖాళీగా ఎందుకండీ, పిల్లలు చూసుకుంటారు" అని ఆ వీడియో ఆయన మిగిలిన చోట పాత కార్టూన్ సినిమాలు ఎక్కించి ఇచ్చాడు. ఏ దేశానివో తెలియదు... మాటలుండవు, సంగీతమే. ముక్కు మీద వాలిన ఈగను కొట్టబోయి ఇల్లు పీకి పందిరేసే ఎలుగుబంటి ఒకటి. గొడుగు పట్టుకుని గాలికి ఎగిరిపోయే కొంగ ఒకటి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలవగానే నేనూ తమ్ముడూ చాప పరుచుకుని క్యాసెట్టు ఆడించే డెక్కు ముందు తయారు.

కానీ మా నాయనమ్మ ఒక రూలు పెట్టింది. పెళ్ళిని ఫార్వర్డ్ చేయకూడదు. "శుభమా అని పెళ్ళి జరుగుతుంటే పరిగెత్తిస్తార్రా? కళ్ళు పోతాయి. అప్పగింతలయ్యేదాకా కదలకండి" అనేది మడత మంచం మీద కూర్చుని.

రివైండ్ అయితే మరీ ప్రమాదం... టీవీ కట్టేసి చేయాలి. ఒకసారి తమ్ముడు బొమ్మ కనబడుతుండగానే రివైండ్ నొక్కేశాడు. తలంబ్రాలు నెత్తి మీద నుంచి లేచి దోసిట్లోకి వెళ్ళిపోతున్నాయి... మామయ్య వేసిన ముళ్ళు ఊడిపోతున్నాయి...

"ఓరి నీ దుంప తెగ! ముళ్ళు విప్పేస్తున్నాడ్రోయ్! ఆపండ్రా!" అంటూ నాయనమ్మ లేచి టీవీకి అడ్డం పడింది. పుట్టింటికొచ్చిన అత్త పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, "నవ్వింది చాల్లే, వెళ్ళి దేవుడి దగ్గర దీపం పెట్టు" అని గదిమింది. అత్తా మామయ్యా ఇప్పటికీ చిలకాగోరింకల్లా ఉన్నారు లెండి.

మాకు అసలు విసుగొచ్చేది బంతి భోజనాల దగ్గర. పెళ్ళికూతురి తండ్రే నెయ్యి వడ్డించాలని తాతయ్య పట్టుదలట. నేతి గిన్నె పట్టుకుని, విస్తరి విస్తరి దగ్గరా ఆగి, వంగి, "వేయించుకోండి బావగారూ, మొహమాటపడకండి" అంటూ నిదానంగా నడుస్తుంటారు. కెమెరా ఆయన వెనకే... ఆ బంతి ఎంతకీ తరగదు. "ఇంకెంతసేపు నాయనమ్మా ఈ నెయ్యి!" అని మా గోల. ఆ పెళ్ళయిన ఏడాదికే తాతయ్య పోయారు. నాకూ తమ్ముడికీ ఆయన గుర్తు లేరు.

తర్వాత నాకూ పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఎలుగుబంటి కథ చెప్పీ చెప్పీ, చూపించకపోతే అన్నం తినని పరిస్థితి తెచ్చిపెట్టుకున్నాను. అప్పటికే సీడీల రోజులు... మా డెక్కు ఎప్పుడో మూలపడింది. క్యాసెట్టు పట్టుకుని రాజమండ్రిలో సీడీలు చేసే షాపుకి వెళ్ళాను.

షాపాయన దాన్ని వెలుతురులో పెట్టి చూసి పెదవి విరిచాడు. "టేపు బూజు పట్టేసిందండి. ఎక్కడ తెగుతుందో చెప్పలేనండి. పెళ్ళి కావాలో బొమ్మలు కావాలో చెప్పండి, ముందు అది లాగేద్దాం" అన్నాడు.

అక్కడి నుంచే ఊరికి ఫోన్ చేశాను. నాయనమ్మే ఎత్తింది. "పసివాళ్ళు ఆశపడుతున్నారు కదా, బొమ్మలే చేయించవే" అంది వెంటనే. సరేనని పెట్టేయబోతుంటే... "అమ్మాయ్... ఆ నెయ్యి వడ్డించేది... అదొక్కటీ ఏవన్నా వస్తుందేమో అడగవే" అంది. అంత గట్టి గొంతూ చిన్నదైపోయింది.

ఫోన్ పెట్టేసి షాపాయన దగ్గరికి వెళ్ళాను. "పెళ్ళే ముందు చేయండి. బొమ్మలు వస్తే మా అదృష్టం" అని చెప్పి, బయట బల్ల మీద కూర్చుని కనబడని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

పెళ్ళి మొత్తం వచ్చింది. ఎలుగుబంటి కూడా వచ్చింది! కొంగ దగ్గర టేపు తెగింది... పోనీలే, ఎగిరిపోయింది అనుకున్నాను.

ఆ ఆదివారమే పిల్లల్ని తీసుకుని ఊరెళ్ళాను. ముందు బొమ్మల సీడీ పెట్టాం. ఈగ ముక్కు మీద వాలగానే మేం నవ్విన చోటే మా పిల్లలూ నవ్వారు. చిన్నది నేల మీద దొర్లింది. అబ్బ... నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత పెళ్ళి. తాతయ్య నేతి గిన్నెతో రాగానే, "ఈయనెవరమ్మా?" అంటూ మావాడు రిమోట్‌లో పాజ్ నొక్కాడు. తాతయ్య వంగినవారు వంగినట్టే ఆగిపోయారు.

"ఆపకు నాన్నా... ఆయన్ని నడవనీ" అంది నాయనమ్మ. "ఫోటోలో అయితే గోడకి ఉన్నారుగా. నడిచేది ఇందులోనే."

"అందుకేనా మమ్మల్ని ఫార్వర్డ్ చేయనిచ్చేదానివి కాదు?" అన్నాను.

"మరి? పరిగెత్తిస్తే ఆయన నడకలా ఉండదుగా" అంది టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా. "మీ తాతని చూస్తాను, పెట్టండర్రా అని కొడుకులతో కోడళ్ళతో చెప్పుకోవడానికి సిగ్గు కాదుటే? మీరు ఎలుగుబంటి కోసం ఏడ్చేవారు... నేను నోరు తెరిచి అడగాల్సిన పని ఉండేది కాదు."

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆ ఎలుగుబంటిని గీసింది ఎవరో, టేపు ఖాళీగా పోనివ్వని ఆ వీడియో ఆయన ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. వాళ్ళకి రెండు చేతులా దణ్ణం పెడుతున్నాను. మా నవ్వుల సంగతి సరే... ఆదివారం ఆదివారం మా నాయనమ్మకి తాతయ్యని చూపించారు వాళ్ళు.

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ళది, ఎవరి బొమ్మలు వాళ్ళవి... ఒకరి కోసం ఒకరు ఓపిక పట్టి చూసే పనే లేదు. మీ ఇంట్లో పాత పెళ్ళి క్యాసెట్టు ఏదైనా ఉంటే, బూజు పట్టకముందే బయటికి తీయండి. అందులో ఎవరు నడుస్తున్నారో... నాకూ చెప్పండి.