మగ్గానికి చుట్టిన కాన్వాసు

2023 ఫిబ్రవరి. చిలకలగూడలో నాది మగ్గం వర్క్ దుకాణం. ముందు గదిలో కౌంటర్, వెనక గదిలో రెండు మగ్గాలు. ఇవి నేత మగ్గాలు కావు, నాలుగు కర్రల చట్రాలు. గుడ్డను పొడుగు కర్రలకు చుట్టి, డప్పులా బిగించి, కొనకు కొక్కెం ఉన్న ఆరీ సూదితో పైనుంచి కుడతాం. మాకు తిండి పెట్టేవి పెళ్లి బ్లౌజులే. ఆర్టిస్టులు బొమ్మలు వేసే కాన్వాసు మీద కుట్టు పనులు ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి.

ఆ నెలలో మాధవి అనే డ్రాయింగ్ టీచర్ సీతాఫల్‌మండి నుంచి ఒక పెయింటింగ్ తెచ్చింది. మౌలాలి గుట్ట, దాని కింద రైల్వే కాలనీ ఇళ్లు. రాళ్లు చేతికి తగిలేలా టెక్స్చర్ పేస్ట్, అంటే ఆరితే గట్టిపడే తెల్లటి ముద్ద, మందంగా పట్టించి దాని మీద రంగులు వేసింది. వెంట ఒక స్వీట్ డబ్బా. అందులో గాజు ముక్కలు, గవ్వలు, వాళ్ల నాన్న రైల్వే యూనిఫాం ఇత్తడి గుండీలు. గుట్ట మెట్లకు జరీ, అంచులకు గవ్వలు, ఇళ్ల దీపాలకు గుండీలు కుట్టాలని చూపించింది. తన బొమ్మ ఒక ఎగ్జిబిషన్‌లో పెట్టడం ఆమెకు అదే మొదటిసారి.

"పదిహేను రోజులున్నయ్ అన్నా. అయితదా?"

"ఎందుకు గాదు మేడం? వారంల ఇస్త."

ఆ కాన్వాసును పదకొండు రోజులు బీరువా పక్కన నిలబెట్టి ఉంచాను. మాఘమాసం, పెళ్లిళ్లు. ఆమె రోజూ ఫోన్ చేసేది. "నడుస్తుంది మేడం" అనేవాణ్ని. ఒక్క కుట్టు కూడా పడలేదని చెప్పే ధైర్యం రోజురోజుకూ తగ్గిపోయింది.

పన్నెండో రోజు దాన్ని తీసి జహంగీర్ భాయ్ ముందు పెట్టాను. ఆయన నా దగ్గర తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న కారీగర్. నాకంటే పెద్దవాడు. బొమ్మను అరచేత్తో తడిమి చూశాడు.

"ఇది బ్లౌజ్ గుడ్డ గాదు సేఠ్. చెక్క ఫ్రేమ్ మీదనే ఉంచి చేతి సూదితోటి కుట్టాలె. ఒక్క పోటు తప్పు వడ్డా ఆ బెజ్జం మళ్ల మూసుకోదు. ఎనిమిది రోజులు గావాలె."

"మూడు రోజులే ఉన్నయ్ భాయ్. ఫ్రేమ్ ఊడదీసి మగ్గానికి చుట్టు. ఆరీతోటైతె రెండు రోజులల్ల అయిపోతది."

"చుడితె ముద్ద పలుగుతది. ఆమెకు ఫోన్ జేసి నిజం చెప్పరాదు?"

"అది నేను చూసుకుంట. దుకాణం నీదా, నాదా?"

"దుకాణం నీదే సేఠ్. గుట్ట ఆమెది," అని ఆయన చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

నాకు రోషం వచ్చింది. ఫ్రేమ్ వెనక పిన్నులు నేనే పీకాను. కాన్వాసు అంచును కర్రకు నేనే కట్టి తిప్పాను. మొదటి చుట్టుకు ఏమీ కాలేదు. రెండో చుట్టుకు అప్పడం విరిగినట్టు చప్పుడైంది. విప్పి చూస్తే గుట్ట మీద అడ్డంగా మూడు పగుళ్లు. నేల మీద రంగు పెచ్చులు.

జహంగీర్ భాయ్ నేల మీద కూర్చున్నాడు. పెచ్చులన్నీ కాగితం మీదికి ఏరుకొని, రెండు రోజులు పట్టకారుతో ఒక్కొక్కటే అతికించాడు. పగుళ్లు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి.

మూడో రోజు మధ్యాహ్నం మాధవి వచ్చింది. కౌంటర్ దగ్గర ఎవరో పెళ్లివారు బ్లౌజులు చూస్తున్నారు. కాన్వాసు చూడగానే ఆమె మొహం పాలిపోయింది.

"ఏమైందన్నా ఇది?"

పెళ్లివారు కూడా నావైపే చూస్తున్నారు. "మా జహంగీర్ జేసిండు మేడం. నన్నడగకుండనే మగ్గానికి చుట్టిండు."

ఆయన వెనక గది గుమ్మంలోనే ఉన్నాడు, చేతిలో పట్టకారుతో. మాధవి అటు తిరిగింది.

"గట్లెట్ల చేస్తరు భాయ్? ఒక్కసారి అడగొద్దా?"

ఆయన నావైపు చూశాడు. నేను దారపు ఉండలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

"మాఫ్ చెయ్యమ్మా," అన్నాడు.

ఆమె కాన్వాసునూ డబ్బానూ తీసుకొని వెళ్లిపోయింది. ఆ బొమ్మ ఎగ్జిబిషన్‌కు వెళ్లలేదు. మర్నాటి నుంచి జహంగీర్ భాయ్ నా దుకాణానికి రాలేదు.

నేను అక్కడితో ఆగి ఉంటే కొంత నయం. ఆయన పని అడిగిన రెండు బొటిక్‌ల వాళ్లు మనిషి ఎలాంటివాడని నాకు ఫోన్ చేశారు. నిజం బయటపడితే నా పెళ్లి ఆర్డర్లు పోతాయని భయం. ఇద్దరికీ ఆ అబద్ధమే చెప్పాను. ఇద్దరూ ఆయనకు పని ఇవ్వలేదు.

రెండేళ్లు దాటాక ఒకరోజు మౌలాలిలో ఆయన ఇంటికి వెళ్లాను. కుట్టు మిషన్ ముందు కూర్చొని చీరలకు ఫాల్స్ కుడుతున్నాడు. జరీ పని చేసిన ఆ చేతులతో.

"ఏంది సేఠ్, తోవ తప్పినవా?" అని నవ్వి, లోపలికి చాయ్ చెప్పాడు. తప్పు నాదేనని మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపాడు.

"నాకెందుకు చెప్తున్నవ్? నాకు ఎర్కే గదా. ఎర్క లేనోళ్లకు చెప్పు పో."

"ఆ రోజు నువ్వెందుకు కాదనలే భాయ్?"

"నువ్వే చెప్తవని చూసిన."

మర్నాడు మాధవి ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. "ఆ భాయ్ ఇల్లెక్కడ?" అని మాత్రం అడిగి, కాగితం మీద రాసుకుంది. మొదటి బొటిక్ ఆమెకూ చెప్పాను. ఆమె "గిప్పుడు చెప్తె ఏం ఫాయిదా?" అంది గానీ, ఆ వారమే జహంగీర్ భాయ్‌కి రెండు బ్లౌజులు పంపింది.

ఇప్పుడు నేను కాన్వాసును ఫ్రేమ్ మీది నుంచి దించను. వ్యవధి లేకపోతే లేదని మొదటి రోజే చెబుతాను. పని విషయంలో నేర్చుకున్నది అంతే. భాయ్ చెప్పిన పని మాత్రం ఇంకా పూర్తి కాలేదు. రెండో బొటిక్ మూతపడింది. దాని యజమానురాలి నంబరు పనిచేయడం లేదు, ఊరు మారిందంటున్నారు. ఎక్కడో మరో దుకాణంలో కూర్చొని, కారీగర్ల మాట వచ్చినప్పుడల్లా ఆమె నా అబద్ధాన్నే చెబుతూ ఉండొచ్చు. ఎప్పుడైనా ఆమె కంటపడుతుందేమోనని ఇది రాస్తున్నాను. అమ్మా, జహంగీర్ వద్దన్నాడు. కాన్వాసును చుట్టింది నేను.