రీలు మారేలోపు పాట

ఆళ్లగడ్డ టెంటు సినిమాకు ఆ రోజుల్లో ఒకటే మిషను ఉండేది. ఒక రీలు అయిపోగానే బొమ్మ ఆగిపోయేది. లైట్లు వెలిగేవి. ఇంకో రీలు ఎక్కించేదాకా నేల టికెట్ల వాళ్ళు ఈలలు వేసేవాళ్ళు, బెంచీల వాళ్ళు టెంటు యజమానిని తిట్టేవాళ్ళు. ఆ కాసేపటి ఖాళీలో నేను పాటగత్తెనయ్యాను.

మా నాయన నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. సినిమాలు వచ్చాక నాటకాలకు పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది కాబట్టి ఇంట్లో ఉండేది మేమిద్దరమే. పొద్దున ఆయన పెట్టె ముందేసుకుని వాయిస్తుంటే నేను పొయ్యి దగ్గర కూర్చుని పాడేదాన్ని. కర్నూలు రాజధాని అయిన ఏడు టెంటు యజమాని మా ఇంటికొచ్చాడు.

"అన్నా, రీలు మార్చేటప్పుడు జనం టెంటు చించుతాండారు. నీ బిడ్డ బాగా పాడుతాదంట గదా. నువ్వు వాయించు, ఆయమ్మి పాడుతుంది. ఊరుకుంటారేమో చూద్దాం."

నాయన నా మొహంలోకి చూసి, "పాడతావా మ్మా?" అన్నాడు. ఆయన మళ్ళీ నలుగురి ముందు వాయించబోతున్నాడన్న సంతోషమే ఆ గొంతులో ఎక్కువగా వినిపించింది. నేను తలూపాను.

మొదటిరోజు దేవుని పాట ఎత్తుకున్నాను. "మేం భజనకు రాలేదు తల్లీ" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నాయన వేళ్ళు ఆగిపోయాయి. నాకేం తోచక, వానాకాలంలో నేనే అల్లుకున్న పాట అందుకున్నాను.

నల్లరేగట్లో నా చెప్పు పాయ మావా,
చెప్పు పాయ, తిర్నాల పాయ,
చెప్పరాని కోపమొచ్చె మావా.

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వులు మొదలయ్యాయి. బురదలో చెప్పు వదులుకోని మనిషి మా సీమలో లేడు. రీలు ఎక్కించి లైట్లు ఆర్పితే, "పాట కానీండప్పా, బొమ్మ యాడికీ పోదు" అని కేకలు వేశారు.

ఆ తర్వాత చాలా అల్లాను. చెడిపోయిన బస్సును తోసిన పెళ్ళివారి మీద, పత్తి చేలో పైట చిరిగిన పిల్ల మీద, అహోబిలం కొండెక్కలేక మెట్ల మీదే కూర్చుని మొక్కు తీర్చుకున్న అవ్వ మీద. నంద్యాల నుంచి పెద్ద టెంటు వాళ్ళు పిలిస్తే అక్కడికి మారాం. మిల్లుల వెనక సందులో ఒక గది తీసుకున్నాం. బజారుకు పోతే నన్ను వేలెత్తి చూపేవాళ్ళు. నా పాట నాకే ఎదురొచ్చేది, బండి తోలుకుంటూ పోయేవాడి నోట.

ఒకసారి బనగానపల్లె దగ్గర ఒక పెద్ద రైతు ఇంట్లో పెళ్ళికి పాడటానికి పిలిచారు. సాయంత్రం దాకా పాడించుకున్నారు. పెళ్ళికూతురు సిగ్గు వదిలి నాతో పాటు గొంతు కలిపింది. భోజనాల వేళకు మాకు పశువుల కొట్టం పక్కన ఆకులు వేశారు. నాకు చూసిన సంబంధం ఒకటి ఆ పెళ్ళిలోనే చెడిపోయింది. పిల్లవాడి మేనత్త అక్కడికి వచ్చిందట. "టెంట్లో మొగోళ్ళ ముందర పాడే పిల్లనా మనింటికి తెచ్చేది?" అందట. ఇంటికొచ్చాక నాయన ఆ మాట నాకు చెప్పి, రాత్రి అన్నం ముట్టలేదు. నాకు ఏడుపు రాలేదు. తెల్లారితే టెంటుంది కదా అనుకున్నాను.

అది కూడా పోయింది. ఒక వేసవిలో టెంటుకు రెండో మిషను వచ్చింది. ఒకదాంట్లో రీలు అయిపోయేలోపే రెండోది అందుకునేది. బొమ్మ ఎక్కడా ఆగదు. మధ్యలో ఉన్న ఒక్క విరామంలో గ్రామఫోను ప్లేట్లు వేసేవాళ్ళు. అక్కడి యజమాని మంచివాడే. మా మొహాలు చూడలేక మిషను వైపు చూస్తూ చెప్పాడు. "ఏం చేసేది అన్నా, ఇంగ మీకు ఈడ పనుండదు." నాయన హార్మోనియం నెత్తిన పెట్టుకుని నడిచాడు.

ఎవరో చెప్పారని ఇద్దరం మద్రాసు పోయి ఒక ప్లేట్ల కంపెనీలో పాడి వినిపించాం. అక్కడి పెద్దమనిషి మర్యాదగానే విన్నాడు. "పాట బాగుందమ్మా. కానీ ఈ పాయ, యాడ, మావా ఏమిటి? ఈ మాటలు మార్చి పాడు" అన్నాడు. మార్చి పాడాను. నా నోటికే అది చప్పగా అనిపించింది. ఆయనకూ అలాగే అనిపించినట్టుంది, ఇంకోసారి పాడమనలేదు. తిరుగు రైల్లో నాయన, "నీ పాటలో తప్పేం లేదు మ్మా" అన్నాడు. ఆ మాట ఆయన అంతకుముందెప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

తర్వాత తిరునాళ్ళలో పాడాను. మైకు లేదు. రంగులరాట్నం గోల మీద, బొమ్మల అంగళ్ళ బూరల మీద నా గొంతు వినపడాలి. అరిచాను. రెండేళ్ళు తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది. తగ్గుతుందిలే అనుకున్నాను. నంద్యాల డాక్టరు లైటు వేసి చూసి, లోపల కాయ కాసిందన్నాడు. కొన్ని నెలలు మాట్లాడొద్దన్నాడు. మాట్లాడలేదు. నాయనకు అన్నం పెట్టాలన్నా చేత్తో సైగ చేసేదాన్ని. ఆ నెలలు గడిచాక నోరు తెరిస్తే మాట వచ్చింది, రాగం రాలేదు. కింది స్వరం దాటితే ఒట్టి గాలి.

పత్తి మిల్లులో కూలికి కుదిరాను. నాయనకు ఆయాసం పట్టుకుంది. వాయించమని నేను అడగలేదు, ఆయనా పెట్టె తెరవలేదు. ఆయన అరవయ్యో ఏట, వానలు పడుతున్నప్పుడు, సొంతూర్లో పోతానంటే ఆళ్లగడ్డకు తీసుకుపోయాను. వారం తిరక్కముందే పోయాడు.

పొద్దున పాడె కడుతుంటే భజన వాళ్ళు వచ్చారు. తాళాలు వేస్తూ పాడుతూ, వాళ్ళల్లో ఒక ముసలాయన నా వైపు తిరిగాడు.

"మీ నాయనకు నీ పాటంటే పానం గదమ్మా. ఒకటి ఎత్తుకో, యినుకుంటా పోతాడు."

తాళాలు ఆగాయి. అందరూ నా పాట కోసం చూస్తున్నారు. నేను నోరు తెరిచాను. గొంతులో ఏదో గీరుకున్నట్టు చప్పుడు వచ్చింది, అంతే. ఆడవాళ్ళు గబగబా వచ్చి నన్ను పట్టుకున్నారు. "అయ్యో, దుక్కం తన్నుకొస్తాంది, పాడలేకుండా ఉంది పాపం" అన్నారు.

అది దుఃఖం కాదని, ఇంక ఎప్పటికీ ఇంతేనని వాళ్ళకు చెప్పలేదు. ముసలాయన కళ్ళు తుడుచుకుని తానే పాట ఎత్తుకున్నాడు. పాడె లేచింది. నేను గుంజకు ఆనుకుని కూర్చుండిపోయాను.

దినాలయ్యాక హార్మోనియాన్ని ఆ భజన వాళ్ళకే ఇచ్చేసి నంద్యాల బస్సెక్కాను. మర్నాడు మిల్లుకు పోయాను. ఆ మిషన్ల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. నాకు అక్కడ బాగానే ఉంటుంది.