తొట్టికి కింద నీళ్లు, పొలానికి పైన వాన

చిక్కుడు మొలక బతికి, దాని పక్కనున్న కలుపు మాత్రమే చచ్చేలా మందు మోతాదు తేల్చడం మా తమ్ముడి కూతురు సాధించిన మొదటి విజయం. ఏళ్ల తరబడి తొట్లకు తొట్లు మొలకలు మాడ్చుకున్నాక గానీ అది చేతికి చిక్కలేదు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి కూడా తనే. పతకం వచ్చింది, ఊళ్లో అందరికీ నేనే చూపించాను. పనిచేసే పరిశోధన కేంద్రంలో ‘మొలకమ్మ’ అంటారు తనని.

ఆ మందు అమ్మకానికి రాగానే మా తమ్ముడే అందరికంటే ముందు తెచ్చాడు. చిక్కుళ్లు విత్తిన మర్నాడే నేలమీద కొట్టాడు. ఆ వెంటనే ముసురు పట్టుకుంది, చలి. మొలకలు ఆపసోపాలు పడుతూ పైకొచ్చాయి. వచ్చినవాటికి కాడలు వంకర, ఆకులు ముడత. కబురు పెడితే పిల్ల పరుగున వచ్చింది.

"ఏంటే తల్లీ, నీ మందు కలుపుని వదిలేసి నా మీద పగబట్టింది?" అన్నాడు తమ్ముడు.

పిల్ల బురదలోనే కూర్చుని మొలకలు పీకి చూసింది. పక్కనే ఉన్న నా వైపు తిరిగింది.

"పొరపాటు నాదే పెదనాన్నా. ఆకులు కుళ్లకుండా కేంద్రంలో మా తొట్లకి కింద పళ్లెంలో నీళ్లు పోసేవాళ్లం. మందు పైమట్టిలోనే ఉండిపోయేది. ఇక్కడ వాన దాన్ని తిన్నగా వేరు దాకా దింపేసింది. పైగా మా గది వెచ్చన. వెచ్చగా ఉంటే మొలక ఆ మందుని అరిగించుకుంటుంది. చలికి అరగదు."

"జ్వరమొచ్చినవాడికి విందు భోజనం పెట్టారన్నమాట," అన్నాను.

తను నవ్వలేదు. చుట్టుపక్కల ఇంకా విత్తాల్సిన పొలాలు బోలెడు, వాన ఇంకా ఉందంటున్నారు. అక్కడినుంచే పై అధికారికి ఫోన్ చేసింది. ఆయన గొంతు నాకూ వినిపించింది.

"మోతాదు కాగితం మీద సంతకం నీదే కదమ్మా. ఇప్పుడు ఆపమంటే ఎవరి ఉద్యోగానికి ఎసరో తెలుసా?"

"తెలుసు సార్. అమ్మకం మాత్రం ఇవాళే ఆపించండి."

ఆపించారు. తనని విచారణకి పెద్దాఫీసుకి రమ్మన్నారు. వంకర మొలకల్ని తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. తమ్ముడు వెళ్లి బస్సెక్కించాడు. వచ్చాక నాతో అన్నాడు:

"చేను మళ్లీ విత్తుకుంటా అన్నయ్యా. దాని ఉద్యోగమో?"

ఉంచుతారో పంపేస్తారో అక్కడే తేలుస్తారట. ఫోన్లో చెప్పను, వచ్చి చెబుతానంది. జూలై పద్దెనిమిదిన వస్తుంది.