సేటు ముందుగా అడుగుపెట్టిన ఇల్లు

నిన్న మా ఎదురింట్లోకి కొత్తవాళ్లు దిగారు. సామాను లారీ ఇంకా వీధి మలుపు తిరగనేలేదు, ఆ ఇంటి పిల్ల కరెంటు పొయ్యి మీద చిన్న గిన్నెలో పాలు పొంగించి, ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఇక అయిపోయిందన్నట్టు చేతులు దులుపుకుంది. గేటుకు కట్టేసిన వాళ్ల కుక్క ఒళ్లంతా నున్నగా దువ్వించుకుని, కిక్కురుమనకుండా కూర్చుని అంతా చూసింది. నాకు ఒళ్లు మండింది. ఇంత తేలికైన పనికా మమ్మల్ని ఇదే వీధిలో మంచాల, బిందెల మధ్య పొద్దుగూకేదాకా నిలబెట్టారు అనిపించింది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మేము మహారాష్ట్రలోని భివండి వదిలి మహబూబ్‌నగర్ వచ్చాం. మాది నల్లగొండ వైపు నేతపని వాళ్ల ఇల్లు. మా మామ పెళ్లయిన కొత్తలోనే భివండి వెళ్లి, సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బతుకంతా గడిపాడు. మా ఆయనకు జడ్చర్ల దగ్గర నూలు మిల్లులో పని దొరికి, మహబూబ్‌నగర్‌లో ఇల్లు కిరాయికి కుదిరాక, మామ రానంటే రానని మొండికేశాడు. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. ఆయనతో పాటు సేటు కూడా రావాలి. సేటు అంటే కార్ఖానా గడప ముందు పడుకునే ఊరకుక్క. లోపల అందరూ చెమటలు కక్కుతుంటే అది మాత్రం పొద్దంతా కాళ్లు చాపుకుని పడుకునేది కాబట్టి పనివాళ్లు ఆ పేరు పెట్టారు. అత్త పోయాక మామ నాలుగు మాటలు మాట్లాడితే అందులో మూడు దానితోనే. దారిపొడవునా అది లారీ క్యాబిన్‌లో నా కాళ్ల మీద పడుకుని వచ్చింది. ఊరికే రాలేదు, తిన్న రొట్టె అంతా నా చీర మీద కక్కుకుంటూ వచ్చింది. దాబా కనిపించినప్పుడల్లా మామ దిగి దాన్ని తిప్పుకొచ్చేవాడు, డ్రైవరు తనలో తాను గొణుక్కునేవాడు.

మా ఓనరమ్మ ఫోన్‌లో ముందే అన్నీ చెప్పింది. ఆ రోజు దాటితే మంచిరోజు లేదు. మర్నాడు అమాస, ఆ పైన ఆషాఢం. పొద్దుగూకక ముందే పాలు పొంగించాలి. పాలు పొంగేదాకా ఎవరూ గడప దాటకూడదు, ఒక్క గిన్నె కూడా లోపలికి పోకూడదు. అడుగుపెట్టినవాళ్లు ఆ రాత్రి ఆ ఇంట్లోనే నిద్ర చేయాలి. ఇన్ని చెప్పిన మనిషికి మనం కుక్క సంగతి చెప్పొద్దా అని మా ఆయనను అడిగితే, చూసుకుందాంలే అన్నాడు. పెళ్లయినప్పటి నుంచి ఆయన నాకు చెప్పిన జవాబు ఇదొక్కటే. అన్నం ఉడకకపోయినా చూసుకుందాంలే, కప్పు కారినా చూసుకుందాంలే.

తీరా వచ్చాక తెలిసిందేమిటంటే, పొయ్యి లారీలో సామాను అడుగున ఉంది. పాలు పొంగితే గానీ సామాను లోపల పెట్టకూడదు, సామాను దించితే గానీ పొయ్యి దొరకదు. మంచాలు, బీరువా, బియ్యం డబ్బాలు అన్నీ వీధిలో పరిచాం. కొత్త ఊరు మమ్మల్ని చూడకముందే మా చిల్లుల బొంతలను చూసింది. చివరికి పొయ్యి దొరికింది, సిలిండరు దొరికింది, రెండింటినీ కలిపే పైపు కనబడలేదు. నేను సంచులన్నీ తిరగేస్తుంటే సేటు క్యాబిన్ లోంచి దూకి, అందరి కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయి, గడప దాటి, వంటింట్లో చల్లటి బండ మీద పొట్ట ఆనించి పడుకుంది.

ఇక వీధికి పండుగే. కుక్క భైరవుడు కదా, మంచిదే అని ఒకామె అంది. పసుపునీళ్లతో కడిగితే చాలని ఇంకొకామె. ఒకాయన పంతులుకు ఫోన్ చేసి, కలవకపోయేసరికి తీర్పు తానే చెప్పాడు. పై వాటాలో ఉండే ఓనరమ్మ మాత్రం మెట్ల మీద నిలబడి నెమ్మదిగా నాతో అంది:

"కుక్క ముందుగాల అడుగువెట్టిన ఇంట్ల పాలు పొంగిచ్చి ఏం ఫాయిద బిడ్డా? దాన్ని ఎవలకన్న ఇచ్చేసి రాండ్రి. గప్పుడు సామాను పెట్టుకోండ్రి."

మా ఆయన నేల చూశాడు. మామ చేతిసంచి తీసుకుని మళ్లీ లారీ ఎక్కి కూర్చున్నాడు.

"గిదే లారీల నేనూ సేటూ మల్ల పోతం బిడ్డా. మీరు పైలం."

ఆయన ఉత్తుత్తిగా బెదిరించే మనిషి కాదు. నాకు కోపంతో పాటు భయం పట్టుకుంది. వెనక్కి పోతే అక్కడ ఆయనకు మంచినీళ్లిచ్చే దిక్కు లేదు, పోయినవాడు మళ్లీ రాడు. ఎండ చూస్తే ఎదురింటి గోడ పైఅంచు ఎక్కుతోంది. చేతిలో పాల ప్యాకెట్ వెచ్చబడుతోంది. మొగుడి మీదా, మామ మీదా, కుక్క మీదా, పంచాంగం మీదా ఒకేసారి మంట పుట్టి, నోరు దానంతటదే తెరుచుకుంది.

"పెద్దమ్మా, అడుగువెట్టినోళ్లు గా రాత్రి అండ్లనే నిద్ర చెయ్యాలె అంటివి గదా?"

"అంటి."

"రేపు అమాస. ఎల్లుండి సంది ఆషాఢం. ఆషాఢంల ఇంట్లకు రావద్దు. మరి ఇంట్లకెల్లి బయటికి పోవచ్చునా?"

పోవద్దని వీధిలో ఆడవాళ్లందరూ ఓనరమ్మకు బదులుగా చెప్పారు. ఆమె లోపల పడుకున్న సేటు వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది.

"శ్రావణం రాంగనే పంపాలె మరి" అంది.

నేను లారీ దగ్గరికి పోయి, సేటుకు నెల రోజులు ఇల్లు దొరికింది దిగు మామా అన్నాను. ఆ తర్వాతో అని అడిగాడాయన. చూసుకుందాంలే అని నా నోటితోనే నేను అన్నాను. పైపు బొంతల మడతలో దొరికింది. పాలు పొంగి బండ మీద పారాయి, సేటు లేవకుండానే మెడ చాచి నాకేసింది. ఓనరమ్మ అటు తిరిగి నిలబడింది.

శ్రావణం వచ్చింది. సేటు అప్పటికే ఓనరమ్మ చెప్పు ఒకటి కొరికి, ఆమె ఆరేసిన వడియాల మీద నడిచి, నల్లా నీళ్లు వదిలే మనిషిని వీధి చివరిదాకా తరిమింది. శుక్రవారం నాడు వాయనం ఇవ్వడానికి వచ్చి ఓనరమ్మ తనే మాట ఎత్తింది, లక్ష్మి వచ్చే నెలలో నోరులేని జీవాన్ని వెళ్లగొట్టొద్దని తనే దించింది. భాద్రపదం మంచిది కాదంది. పెద్దలకు పెట్టుకునే పెత్రమాసకు కుక్కకు ముద్ద పెట్టాలి కదా అంది. బతుకమ్మకు ఇంటికి వచ్చేవాళ్లే గానీ పోయేవాళ్లు ఉండరంది. పుష్యం శూన్యమాసం అంది. మళ్లీ ఆషాఢం వచ్చేది, శ్రావణం రాంగనే అని మళ్లీ నోటీసు ఇచ్చేది. ఆ నోటీసు ఇచ్చేటప్పుడు ఆమె చేతిలో సేటుకు తెచ్చిన సద్దన్నం గిన్నె ఉండేది. వద్దంటే వద్దనాలి, ఉండమంటే ఉండమనాలి. ఏడాదంతా నన్ను ఇలా వేపుకు తినడం ఏమిటని నేను మా ఆయన మీద అరిచేదాన్ని. ఆయన జవాబు మీకు తెలిసిందే.

మామ ఒక పుష్యమాసంలో పోయాడు. ఆ తర్వాత వచ్చిన ఆషాఢంలోనే సేటు, వచ్చినరోజు పడుకున్న బండ మీదే పడుకుని, మళ్లీ లేవలేదు. అంత పంచాయితీ పెట్టి ఇంట్లోకి వచ్చిన ఇద్దరూ పోయేటప్పుడు ఎవరినీ అడగలేదు, ఏ నెలా చూడలేదు. ఓనరమ్మ గిన్నె పట్టుకుని వచ్చి, గడప మీద కూర్చుంది.

"శ్రావణం దాకన్న ఆగకపాయె" అంది.

ఆ ఇంట్లోనే ఇప్పటికీ ఉంటున్నాం. ఇంట్లోకి రావడానికి ఎంతో చూసి ఒక మంచిరోజును పట్టుకున్నాం గానీ, ఆ తర్వాత వచ్చిన రోజులన్నిటినీ విసుక్కుంటూనే గడిపేశాను; అవే మంచిరోజులని నాకు ఏ పంచాంగమూ చెప్పలేదు.